ఊబకాయం + షుగర్ కిడ్నీ జబ్బుకి ఏ ఎలుక తీసుకోవాలి? గైడ్‌గారు ఎస్‌టీజెడ్ చాలంటున్నారు

ఫార్మాపిల్ల_గుంటూరు:

అందరికీ నమస్కారం. ఫార్మకాలజీలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. టాపిక్ ఏంటంటే, ఊబకాయంతో పాటు టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకి వచ్చే కిడ్నీ జబ్బు మీద ఒక మొక్క సారం ఎలా పనిచేస్తుందో చూడటం. మొక్క పేరు ఇక్కడ చెప్పలేను, గైడ్‌గారు ఊరుకోరు. అయినా నా గొడవ మొక్కతో కాదు, ఎలుకతో.

మా దగ్గర ఎప్పట్నుంచో ఒకటే పద్ధతి నడుస్తోంది. 200-250 గ్రాముల మగ విస్టార్ రకం ల్యాబ్ ఎలుకలు తెప్పించి, షుగర్ తెప్పించే ఎస్‌టీజెడ్ అనే మందు కిలోకి 55 మి.గ్రా. చొప్పున ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి, మూడో రోజు షుగర్ 250 దాటినవాటిని ఏరుకుని, 8 వారాలు మందు పోసి, చివర్లో రక్తంలో యూరియా, క్రియాటినిన్ చూసి కిడ్నీ స్లైడ్లు తీస్తారు. పోల్చడానికి పెట్టే స్టాండర్డ్ గ్రూపుకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు. సీనియర్ల థీసిస్‌లు వరసగా తిరగేస్తే మొక్క పేరు తప్ప ఏమీ మారదు. నాకు అర్థం కానిది ఒకటే, ఎస్‌టీజెడ్ ఇచ్చిన ఎలుక చిక్కి శల్యమైపోతుంది కదా, దాన్ని చూపించి ఊబకాయం అని ఏ మొహం పెట్టుకుని రాయాలి? గైడ్‌గారిని అడిగితే "ముందు రెండు వారాలు హై ఫ్యాట్ డైట్ పెట్టమ్మా, సరిపోతుంది" అన్నారు. చదువుదామని కూర్చుంటే డిబి/డిబి, జెడ్‌డిఎఫ్, బిటిబిఆర్ అని ఎలుక రకాల పేర్లు మీద పేర్లు, తల తిరిగిపోతోంది. వచ్చే నెల ఎథిక్స్ కమిటీకి ఫారం బి, అంటే జంతువుల మీద ప్రయోగానికి అనుమతి దరఖాస్తు, పెట్టాలి, ఒకసారి అప్రూవ్ అయ్యాక మార్చాలంటే మళ్ళీ మొదటికొస్తుంది. డబ్బులు పెద్దగా లేవు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

నెఫ్రాన్_నాని:

నీ అనుమానం కరెక్టేనమ్మా. ఎస్‌టీజెడ్, అంటే స్ట్రెప్టోజోటోసిన్, స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా నుంచి వచ్చిన పదార్థం. దాని అణువులో ఒక గ్లూకోజ్ ముక్క ఉంటుంది, అందుకే గ్లూట్2 అనే ట్రాన్స్‌పోర్టర్ దాన్ని ఇన్సులిన్ తయారుచేసే బీటా కణంలోకి లాక్కుంటుంది, లోపలికెళ్లాక డీఎన్ఏని పాడుచేసి కణాన్ని చంపేస్తుంది. ఇన్సులిన్ పోతుంది, షుగర్ ఎగబాకుతుంది, ఎలుక ఎండిపోతుంది. ఇది టైప్ 1కి దగ్గర. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటి ఉంది. అదే గ్లూట్2 కిడ్నీలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్, అంటే వడపోత తర్వాత వచ్చే మొదటి గొట్టం, దాని కణాల్లో కూడా ఉంటుంది. అంటే మొదటి రెండు మూడు వారాల్లో కిడ్నీలో కనిపించే దెబ్బలో షుగర్ వాటా ఎంత, మందు విషం వాటా ఎంత అని అడిగితే నీ దగ్గర జవాబుండదు. జవాబు ఉండాలంటే ఎస్‌టీజెడ్ ఇచ్చి, ఇన్సులిన్‌తో షుగర్ అదుపులో పెట్టిన గ్రూపు ఒకటి ఉండాలి. మన దగ్గర వచ్చే పేపర్లలో ఆ గ్రూపు దాదాపు కనపడదు.

నీ డిజైన్లో నాకు అంతకంటే ఎక్కువ కంగారు పుట్టించినవి వేరే ఉన్నాయి. స్టాండర్డ్‌గా మెట్‌ఫార్మిన్ దేనికి? బీటా కణాలే లేని ఎలుకకి మెట్‌ఫార్మిన్ ఇచ్చి ఏం నిరూపిద్దామని? నువ్వు అడుగుతున్నది కిడ్నీ ప్రశ్న, కాబట్టి పక్కన కిడ్నీ మందు ఉండాలి. లోసార్టన్ పెట్టు, ఎనలాప్రిల్ పెట్టు, వీలైతే డపాగ్లిఫ్లోజిన్ పెట్టు. రెండోది, సారం ఎప్పుడు మొదలుపెడతావు? ఎస్‌టీజెడ్‌కి ముందో, అదే రోజో మొదలుపెడితే ఆ సారంలోని యాంటీఆక్సిడెంట్లు ఎస్‌టీజెడ్ విషాన్నే తగ్గించి బీటా కణాలని కాపాడేస్తాయి, నువ్వేమో కిడ్నీని కాపాడిందని రాసుకుంటావు. షుగర్ స్థిరపడి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం మొదలయ్యాక ఇవ్వాలి. మూడోది, సారం షుగర్‌ని కూడా తగ్గిస్తే కిడ్నీ బాగుపడింది సారం వల్లా, షుగర్ తగ్గడం వల్లా అన్నది తేలదు. దానికీ ఆ ఇన్సులిన్ గ్రూపే దిక్కు.

ఇక నీకు తల తిరిగిన పేర్ల సంగతి. డిబి/డిబి చిట్టెలుక 1966లో అమెరికాలో మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లాబొరేటరీలో బయటపడింది. లెప్టిన్ అనే హార్మోన్ని అందుకునే రిసెప్టర్ పనిచెయ్యదు, కడుపు నిండిన కబురు మెదడుకి చేరదు, తింటూనే ఉంటుంది. 8 వారాల వయసుకల్లా షుగర్ వస్తుంది, 16-20 వారాలకి మూత్రంలో ఆల్బుమిన్, గ్లామరూలస్‌లో, అంటే రక్తాన్ని వడగట్టే సన్న రక్తనాళాల ఉండలో, ఆ నాళాల మధ్యనుండే మెసాంజియం దళసరెక్కడం కనపడతాయి. అక్కడితో చాలావరకు ఆగిపోతుంది. జీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడగట్టే వేగం, పడిపోవడం, ట్యూబుల చుట్టూ ఫైబ్రోసిస్, అంటే మచ్చ కణజాలం, పేరుకోవడం లాంటివి పెద్దగా రావు. అంటే మనిషి జబ్బులో మొదటి సగమే చూపిస్తుంది. పైగా ఆ మ్యూటేషన్ ఏ జాతిలో కూర్చుందన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది, బిఎల్‌కెఎస్ జాతిలో అయితే బీటా కణాలు కొన్నాళ్లకి చేతులెత్తేసి షుగర్ బాగా పెరుగుతుంది, సి57బిఎల్/6 జాతిలో అయితే బీటా కణాలు పెరిగి తట్టుకుంటాయి. జన్యువు అదే, జబ్బు వేరు.

ముదిరిన జబ్బు కావాలనుకునేవాళ్లు దాని మీద ఇంకో దెబ్బ వేస్తారు. ఒక కిడ్నీ తీసేస్తారు, లేదా రక్తనాళాలని సడలించే ఈనాస్ జన్యువు లేని చిట్టెలుకతో కలిపి పెంచుతారు, లేదా వైరస్ ద్వారా రెనిన్ జన్యువుని ఎక్కించి బీపీ పెంచుతారు. బిటిబిఆర్ జాతిలో లెప్టిన్ తయారుకాకుండా చేసే ఓబి/ఓబి మ్యూటేషన్ పెట్టిన చిట్టెలుక కిడ్నీ మీద పేపర్ 2010లో వచ్చింది, అందులో 20 వారాలకల్లా మనిషి బయాప్సీని గుర్తుచేసే మార్పులు వస్తాయి, గ్లామరూలస్ వడపోత గోడని పట్టుకుని ఉండే పోడోసైట్ కణాలు తగ్గిపోతాయి. లెప్టిన్ తిరిగి ఇస్తే ఆ దెబ్బ వెనక్కి మళ్లిందని కూడా చూపించారు, మా ఫీల్డ్‌లో అందరినీ కూర్చోబెట్టిన పేపర్ అది. కానీ దాన్ని తెప్పించి బ్రీడ్ చేసుకోవాలంటే నీ ఫెలోషిప్ మొత్తం అందులోనే పోతుంది.

పాతకాపు:

నాని చెప్పినవాటిలో కంట్రోల్స్ గురించి అన్నదంతా ఒప్పుకుంటాను. ఎస్‌టీజెడ్‌ని మరీ అంత తీసిపారెయ్యకండి నాయనా. 1986లో అమెరికా కిడ్నీ శాస్త్రవేత్త బ్రెన్నర్ బృందం ఇదే ఎస్‌టీజెడ్ ఎలుకల మీద పనిచేసి, షుగర్ ఉన్నప్పుడు గ్లామరూలస్ లోపలి రక్తపు ఒత్తిడి పెరుగుతుందని, ఎనలాప్రిల్ ఇస్తే ఆ ఒత్తిడి దిగి, షుగర్ అలాగే ఉన్నా కిడ్నీ నిలబడిందని చూపించింది. మ్యూనిక్-విస్టార్ అనే రకాన్ని ఎందుకు ఎంచుకున్నారో తెలుసా, దాని గ్లామరూలస్‌లు కొన్ని కిడ్నీ పైపొరలోనే ఉంటాయి, సన్నటి గాజు పిపెట్ గుచ్చి ఒత్తిడి నేరుగా కొలవచ్చు. అదీ మోడల్ ఎంచుకోవడమంటే! ఏడేళ్ల తర్వాత, 1993లో టైప్ 1 రోగుల మీద కాప్టోప్రిల్ ట్రయల్ ఫలితాలొచ్చాయి, 2001లో టైప్ 2 వాళ్ల మీద లోసార్టన్, ఇర్బెసార్టన్ ట్రయల్స్ వచ్చాయి. ఇవాళ ఏ ఊళ్లో డాక్టరైనా షుగర్ రోగి మూత్రంలో ఆల్బుమిన్ కనపడగానే ఆ జాతి మందు రాస్తున్నాడంటే ఆ ఎలుకల పుణ్యం కొంత ఉంది.

వాళ్లు అడిగింది ఒత్తిడి గురించి. దానికి కొవ్వు అక్కర్లేదు, లెప్టిన్ అక్కర్లేదు, షుగర్ ఉన్న కిడ్నీ ఒకటి చాలు. అమ్మాయి అడుగుతున్నది ఊబకాయం గురించి, అక్కడికి ఆ ఎలుక పనికిరాదు, అంతవరకే. మన కాలేజీల్లో జరిగేది ఏంటంటే ఎలుక ముందే ఉంటుంది, టాపిక్ తర్వాత పుడుతుంది.

రేణుక_పాథ్:

కిడ్నీ బయాప్సీలు చూడటం నా పని కాబట్టి నేను స్లైడు వైపు నుంచి చెప్తాను. ఊబకాయం వల్ల వచ్చే కిడ్నీ జబ్బు, షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు ఒకటి కాదు, ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండొచ్చు కానీ మైక్రోస్కోపు కింద వేర్వేరుగా కనపడతాయి. లావుగా ఉండి షుగర్ లేనివాళ్ల బయాప్సీలో గ్లామరూలస్‌లు ఉబ్బి మామూలు కంటే చాలా పెద్దగా ఉంటాయి, కొన్నింట్లో ఒక పక్క మచ్చ కట్టినట్టు స్క్లెరోసిస్ ఉంటుంది. మూత్రంలో ప్రోటీన్ బాగానే పోతుంది కానీ ఒళ్లు వాచడం తక్కువ. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీవాళ్లు 1986 నుంచి 2000 దాకా వచ్చిన బయాప్సీలు లెక్కేస్తే మొదటి అయిదేళ్లలో ఇలాంటివి 0.2 శాతం, చివరి అయిదేళ్లలో 2 శాతం. షుగర్ కిడ్నీలో అయితే మెసాంజియం గులాబీ రంగులో పేరుకుంటూ పోయి, ముదిరితే గుండ్రటి ముద్దలు కడుతుంది. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ వర్ణించినవి అవే. ఆ ముద్దలు చిట్టెలుకల్లో రావడం అరుదు, వచ్చాయని పేపర్లో రాసినప్పుడు ఫొటో పెద్దది చేసి చూస్తే సగంసార్లు సెక్షన్ దళసరిగా కోసినట్టు తెలిసిపోతుంది. మెసాంజియం కనపడేలా వేసే పీఏఎస్ స్టెయిన్‌కి 2-3 మైక్రాన్లు దాటి కొయ్యొద్దు, దళసరి సెక్షన్‌లో ప్రతి గ్లామరూలసూ జబ్బున్నట్టే కనపడుతుంది.

ఊబకాయం భాగం నీకు నిజంగా కావాలంటే గ్లామరూలస్ సైజు కొలువు, పోడోసైట్లని వాటిని గుర్తుపట్టే డబ్ల్యూటీ1 స్టెయిన్‌తో లెక్కపెట్టు. పోడోసైట్ విడిపోతే కొత్తది అంత తేలిగ్గా పుట్టదు, గ్లామరూలస్ ఉబ్బే కొద్దీ ఉన్నవాటి మీద లాగుడు పెరుగుతుంది, అసలు కథ అక్కడుంది. హై ఫ్యాట్ డైట్ పెట్టిన చిట్టెలుకల్లో ఇంకోటి చూడొచ్చు, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణాల నిండా ఖాళీ బుడగల్లాంటివి, కొవ్వు పేరుకున్న చోట్లు. ఫైబ్రోసిస్ అని పొరపడేవాళ్లు కూడా ఉన్నారు, ఏం చెప్పాలి.

రక్తంలో క్రియాటినిన్ గురించి ఒక మాట. 8 వారాల ఎస్‌టీజెడ్ ఎలుకలో క్రియాటినిన్ రెట్టింపయింది అని రాసిన పేపర్ చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఆ దశలో జీఎఫ్‌ఆర్ మామూలు కంటే ఎక్కువ ఉంటుంది, క్రియాటినిన్ తగ్గాలి కానీ పెరగడమేంటి? ఎక్కువసార్లు అది రంగు చూసి క్రియాటినిన్ కొలిచే జాఫే పద్ధతి మాయ, షుగరూ కీటోన్లూ ఎక్కువున్న రక్తంలో ఆ రంగు తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. కాకపోతే ఎలుక ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి. ఎంజైమ్ పద్ధతి వాడు. మూత్రానికి డిప్‌స్టిక్ అసలే వద్దు, ఆరోగ్యంగా ఉన్న మగ ఎలుక మూత్రంలోనే ఆల్ఫా-2యు గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ దండిగా ఉంటుంది, మగ చిట్టెలుకలో అయితే అలాంటివే ఎంయూపీలు అనే ప్రోటీన్లు. స్టిక్ వాటిని చూసి రంగు మారిపోతుంది. ఎలుక ఆల్బుమిన్‌కే పనికొచ్చే ఎలైసా కిట్ కొను, మనుషుల కిట్ తక్కువకొస్తుందని తీసుకున్నావో డబ్బులు దండగ.

ఫార్మాపిల్ల_గుంటూరు:

అమ్మో, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. మా ల్యాబ్‌లో డిప్‌స్టిక్కే వాడతారు, అది కూడా మనుషులది 😑 నాని అన్నా, మరి నా బడ్జెట్‌లో హై ఫ్యాట్ డైట్ ప్లస్ తక్కువ డోస్ ఎస్‌టీజెడ్ అయితే టైప్ 2 అని రాసుకోవచ్చా? గైడ్‌గారు చెప్పింది అదే కదా. ఇంకోటి, ఏ మోడల్ "సరిపోయింది" అని ఎవరు తేలుస్తారు, దానికేమైనా కొలత ఉందా?

నెఫ్రాన్_నాని:

కొలత ఉంది. అమెరికాలో షుగర్ వల్ల వచ్చే చిక్కులకి జంతు మోడల్స్ మీద పనిచేసే ఏఎండీసీసీ అనే బృందం 2009లో చిట్టెలుకల కోసం ఒక గీత గీసింది. ఒక జంతువుని ముదిరిన షుగర్ కిడ్నీకి మోడల్ అనాలంటే దాని జీవితకాలంలో జీఎఫ్‌ఆర్ సగానికి పైగా పడాలి, ఆల్బుమిన్ అదే వయసు, అదే జాతి కంట్రోల్ కంటే పది రెట్లకు పైగా పెరగాలి, స్లైడులో మెసాంజియం పేరుకోవడం, బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే వడపోత పొర దళసరవ్వడం, ఆర్టీరియోల్ హయలినోసిస్, అంటే సన్న ధమనుల గోడల్లో గాజులాంటి పదార్థం పేరుకోవడం, ట్యూబుల దగ్గర ఫైబ్రోసిస్ కనపడాలి. దీన్ని పూర్తిగా దాటిన మోడల్ నిఖార్సుగా ఒక్కటీ లేదు. కాబట్టి "నా మోడల్ మనిషి జబ్బు అంతా చూపిస్తుంది" అని రాయకు, "తొలిదశ చూస్తున్నాను" అని రాయి, నిన్నెవరూ పట్టుకోలేరు.

హై ఫ్యాట్ డైట్, తక్కువ డోస్ కలిపిన పద్ధతి మన దేశంలోనే బాగా పేరు తెచ్చుకుంది, మొహాలీలోని నైపర్ అనే ఫార్మసీ సంస్థవాళ్లు 2005లో వేసిన పేపర్. కేలరీల్లో 58 శాతం కొవ్వున్న మేత రెండు వారాలు, తర్వాత ఎస్‌టీజెడ్ 35 మి.గ్రా./కిలో. ఆలోచన బాగుంది, కొవ్వుతో ముందు ఇన్సులిన్ రెసిస్టెన్స్ తెచ్చి, తర్వాత బీటా కణాలని కొంచెం మాత్రమే దెబ్బతీయడం. చిక్కు ఆ "కొంచెం" దగ్గరే. డోస్ కాస్త తగ్గితే ఎలుక కోలుకుని మామూలైపోతుంది, కాస్త పెరిగితే పూర్తి టైప్ 1 అయిపోతుంది. నువ్వు టైప్ 2 అని రాయాలంటే చివర్లో కాదు, మధ్యలో కూడా రక్తంలో ఇన్సులిన్ కొలిచి చూపించాలి. ఇంకా బరువు గ్రాఫ్ మొదటి ఫిగర్‌గా పెట్టు. చాలా పేపర్లలో డైట్ పెట్టినప్పుడు బరువు పెరిగినట్టు రాస్తారు, ఎస్‌టీజెడ్ తర్వాత మాట మార్చేస్తారు, చివరి వారం చూస్తే "ఊబకాయం" ఎలుక కంట్రోల్ కంటే తేలిగ్గా ఉంటుంది. నువ్వు మొదట అడిగిన ప్రశ్న అదే కదా. ఎస్‌టీజెడ్ లేకుండా డైట్ ఒక్కటే పెట్టిన గ్రూపు తప్పకుండా ఉంచు, ఊబకాయం వాటా అక్కడే తెలుస్తుంది.

కంట్రోల్ ఎలుకలకి మామూలు చౌ, అంటే రోజూ వేసే ల్యాబ్ మేత, వెయ్యకు. చౌలో సోయా, పీచు వేరు, కొవ్వు మేతలో పంచదార వేరు, కేసిన్ వేరు, తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు. అవే పదార్థాలతో, పంచదార సమానంగా ఉంచి కొవ్వు తగ్గించిన మేత వెయ్యాలి.

సోంపేట_వాసి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేను సైన్స్ మనిషిని కాదు. మాది సోంపేట, ఉద్దానం. మా పక్కన కవిటి, కంచిలి, ఏ ఊరు తీసుకున్నా కిడ్నీ పోయినవాళ్లు ఇంటికొకరు అన్నట్టుంటుంది. ఈ లావు ఎలుకలతో మా జబ్బు సంగతి ఏమైనా తేలుతుందా? రెండోది, టీవీలో ఎప్పుడు చూసినా "ఎలుకల్లో కిడ్నీ బాగుపడింది" అంటారు, మా నాన్నగారికి మాత్రం షుగర్ మందులు, డయాలసిస్ తప్ప ఇంకోటి రాలేదు. ఎలుకకి పనిచేసింది మనిషికెందుకు పనిచెయ్యదండీ?

రేణుక_పాథ్:

సోంపేట గారూ, ఉద్దానం సంగతి వేరండి. అక్కడ జబ్బు పడినవాళ్లలో చాలామందికి షుగర్ ఉండదు, ఊబకాయం ఉండదు, మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు. దెబ్బ ముందు ట్యూబుల దగ్గర, వాటి మధ్యనున్న కణజాలంలో మొదలవుతుంది, గ్లామరూలస్‌లో కాదు. ఒబీస్ ఎలుకని తెచ్చి ఉద్దానానికి జవాబు చెప్పబోతే అది మోసమే. అక్కడి ప్రశ్నకి వేడి, నీళ్లు సరిపోకపోవడం, విషపదార్థాలు లాంటివి పరీక్షించే మోడల్స్ కావాలి, అది వేరే థ్రెడ్ పెట్టండి, నేను వస్తాను.

నెఫ్రాన్_నాని:

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను సార్. మామూలుగా ల్యాబ్‌లో వాడేది ఒకే వయసు కుర్ర ఎలుక, ఒకే జాతి, ఎక్కువగా మగది, బీపీ లేదు, గుండెజబ్బు లేదు, వేరే మాత్రలేవీ లేవు. మీ నాన్నగారి ఒంట్లో ఇవన్నీ కలిసి ఏళ్ల తరబడి నడిచాయి. బార్డాక్సొలోన్ అని ఒక మందు వచ్చింది, దాని వల్ల రోగుల్లో జీఎఫ్‌ఆర్ అంకె పెరిగితే అందరూ పండగ చేసుకున్నారు. బీకన్ అనే పెద్ద ట్రయల్‌ని, రెండు వేలకు పైగా రోగులతో నడుస్తున్నదాన్ని, 2012లో మధ్యలో ఆపేశారు, గుండె ఫెయిల్యూర్‌తో ఆసుపత్రి పాలయ్యేవాళ్లు ఎక్కువయ్యారని. ఆ తర్వాత 2013లో ఒక బృందం దాని దగ్గరి బంధువైన మందుని జెడ్‌డిఎఫ్ అనే లావు, షుగర్ ఎలుకలకిస్తే ప్రోటీన్, బీపీ పెరిగాయని రాసింది, ఇంకో బృందం అవే ఎలుకల్లో అలాంటిదేం లేదు, బాగానే తట్టుకున్నాయని రాసింది. ఒకే ఎలుక, రెండు ల్యాబులు, రెండు మాటలు. దాని మీద బోలెడు వాదన జరిగింది. నా మటుకు నేను జెడ్‌డిఎఫ్ కిడ్నీ డేటా చూస్తే ముందు ఒకటి అడుగుతాను, ఆ జాతిలో కిడ్నీ మూత్రంతో ఉబ్బిపోయే హైడ్రోనెఫ్రోసిస్ వస్తుంది, అది షుగర్ దెబ్బ కాదు, దాన్ని విడదీసి చూశారా అని.

అలాగని ఏమీ రాలేదనుకోకండి. ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని యాపిల్ చెట్టు బెరడు నుంచి 1835లోనే తీశారు, 1980లలో షుగర్ ఎలుకలకి ఇస్తే గ్లూకోజ్ మూత్రంలో పోయి ఇన్సులిన్ పనితీరు కూడా బాగుపడింది. దాని వారసులే ఇవాళ్టి గ్లిఫ్లోజిన్లు. కెనాగ్లిఫ్లోజిన్‌తో చేసిన క్రెడెన్స్ ట్రయల్ 2019లో వచ్చింది, కిడ్నీ పాడవడం లాంటి ముఖ్యమైన ప్రమాదాలు కలిపి 30 శాతం తగ్గాయి. 2024లో సెమాగ్లుటైడ్‌తో ఫ్లో ట్రయల్, 24 శాతం. మీ నాన్నగారు ఇప్పటికే డయాలసిస్ మీద ఉంటే వీటితో ఏం చెయ్యాలన్నది ఆయన నెఫ్రాలజిస్టునే అడగండి, ఇక్కడ ఎవరు చెప్పినా వినకండి.

తార్నాక_తాత:

అందరూ బార్ హార్బర్ నుంచి ఎలుకలు తెప్పిస్తున్నారు, హైదరాబాద్‌లో ఉన్నది ఎవరికీ గుర్తు రాలేదు. తార్నాకలో ఎన్ఐఎన్, జాతీయ పోషకాహార సంస్థ, విస్టార్ కాలనీని 1920ల నుంచి పెంచుకొస్తోంది, సంస్థ కూనూరులో ఉన్నప్పటి నుంచి, 1958లో హైదరాబాద్‌కొచ్చాక కూడా. ఆ కాలనీలోనే 1990లలో వాటంతటవే లావెక్కే ఎలుకలు కనపడ్డాయి, వాటిని వేరుచేసి రెండు జాతులు నిలబెట్టారు. ఒకటి డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబి, బాగా లావు, ఇన్సులిన్, కొవ్వులు ఎక్కువ, షుగర్ మాత్రం మామూలే. రెండోది డబ్ల్యూఎన్‌ఐఎన్/జిఆర్-ఓబి, దానికి గ్లూకోజ్ తట్టుకునే శక్తి తక్కువ, అంటే మనం ప్రీడయాబెటిస్ అనే దశ. లెప్టిన్ జన్యువూ బాగానే ఉంది, లెప్టిన్ రిసెప్టరూ బాగానే ఉంది, మ్యూటేషన్ ఇంకెక్కడో. డిబి/డిబి మీద ఎప్పుడూ వచ్చే పేచీ, "లెప్టిన్ పనిచెయ్యక లావెక్కే మనుషులు ఎంతమంది ఉన్నారు" అన్నది, వీటికి వర్తించదు. లావు ఎలుకలకి పిల్లలు పుట్టవు, ఆ మ్యూటేషన్ మోసే క్యారియర్లతోనే కాలనీ నడపాలి, కాబట్టి ఎన్ని కావాలంటే అన్ని దొరకవు. అమ్మాయ్, ఊబకాయం, షుగర్ మొదలయ్యే ముందు దశ, ఇదే నీ ప్రశ్న అయితే నీ గైడ్‌గారి చేత సంస్థకి ఒక ఉత్తరం రాయించు, ఎన్ని ఇవ్వగలరో, ఎప్పుడివ్వగలరో కనుక్కో. వచ్చే నెల ఫారం బి పెట్టాలంటే ఇవాళే రాయాలి.

ఫార్మాపిల్ల_గుంటూరు:

తాతగారూ, నిజంగా తెలీదు, మా ల్యాబ్‌లో ఎవరి నోటా విన్లేదు! ఉత్తరం రేపే రాయిస్తాను. దొరక్కపోతే హై ఫ్యాట్ డైట్ ఒక్కటే ఒక గ్రూపు, డైట్ ప్లస్ 35 మి.గ్రా. ఒక గ్రూపు, దానికే ఇన్సులిన్ ఇచ్చిన గ్రూపు, లోసార్టన్ గ్రూపు, సారం గ్రూపు, సరిపోల్చిన మేతతో కంట్రోల్, ఇలా అనుకుంటున్నాను. మెట్‌ఫార్మిన్ తీసేశానంటే గైడ్‌గారు ఏమంటారో చూడాలి. మేత మాత్రం బయటి దేశం నుంచి కొనే స్తోమత లేదు, మా దగ్గర వనస్పతి, కొబ్బరినూనె కలిపి ఉండలు చేస్తారు, పర్లేదా?

ఎలుకల_డాక్టర్:

జంతుశాలలో వెటర్నరీ డాక్టర్ని, మేత మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. వనస్పతి ఒక్కో డబ్బా ఒక్కోలా ఉంటుంది, అందులో ట్రాన్స్ ఫ్యాట్ ఎంతో మీకు తెలీదు, పేపర్లో ఏం రాస్తారు? ఒకే బ్యాచ్ నూనె ప్రయోగం మొత్తానికి సరిపడా కొనుక్కోండి, వాడిన దాని కొవ్వు ఆమ్లాలు టెస్ట్ చేయించి రాయండి. వీలైతే కొబ్బరినూనె ఒక్కటే కాకుండా పందికొవ్వు కలిపిన ఫార్ములా ఎంచుకుంటే బయటివాళ్ల పేపర్లతో పోల్చుకోవడం కుదురుతుంది. ఉండలు కొన్ని చొప్పున చేసి ఫ్రిజ్‌లో పెట్టండి, పంజరంలో పెట్టినవి మూడో రోజుకల్లా మార్చెయ్యండి, వేసవిలో గుంటూరు ఎండకి కొవ్వు ముక్కిపోతుంది, ముక్కిన మేత ఎలుక తినదు, మీరేమో "సారం బరువు తగ్గించింది" అని రాస్తారు.

ఎస్‌టీజెడ్ ఇచ్చే రోజు గురించి కూడా చెప్పేస్తాను, అడగలేదు కానీ ఎలుకలు పోయేది ఆ రోజే. సిట్రేట్ బఫర్ పీహెచ్ 4.5 అప్పటికప్పుడు చెయ్యాలి, మందు కలిపాక చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచి పది పదిహేను నిమిషాల్లో ఇచ్చెయ్యాలి, లేటయితే అది విరిగిపోయి చివరి ఎలుకలకి తక్కువ డోస్ పడుతుంది, అందుకే మీ సీనియర్లకి సగం ఎలుకల్లో షుగర్ రాలేదు అనుకుంటా. మందు క్యాన్సర్ కారకం, గ్లవ్స్, హుడ్ లేకుండా ముట్టుకోవద్దు. మొదటి రాత్రి చచ్చిపోయే బీటా కణాల్లోంచి ఉన్న ఇన్సులిన్ అంతా ఒక్కసారి బయటికొచ్చి షుగర్ పడిపోతుంది, ఆ రోజు, మర్నాడు తాగే నీళ్లలో గ్లూకోజ్ కలపండి. తర్వాత కథ తిరగబడుతుంది, మామూలు ఎలుక రోజుకి 10-20 మి.లీ. మూత్రం పోస్తే ఇది 100 దాటుతుంది. రెండు బాటిళ్లు పెట్టండి, పొట్టు రోజూ మార్చండి, తడి పొట్టులో పడుకుంటే పాదాలు పుళ్లు పడతాయి, ఆ ఇన్ఫెక్షనే మళ్ళీ మీ మూత్రం రీడింగుల్లో తేలుతుంది. మూత్రం పట్టే మెటబాలిక్ కేజ్‌లో నేరుగా 24 గంటలు పడెయ్యకండి, ముందు కొన్ని గంటలు అలవాటు చెయ్యండి, లేకపోతే భయానికి తిండి మానేస్తుంది. కొవ్వు ఉండ పొడి మూత్రంలో రాలకుండా మేత గిన్నె పక్కకి జరిపే కేజ్ ఉందేమో మీ స్టోర్‌లో అడగండి, చాలాచోట్ల ఉంటుంది, ఎవరూ బయటికి తియ్యరు. ఫారం బిలో ఎలుకలు ఎన్ని అని రాసేటప్పుడు ఎస్‌టీజెడ్‌కి షుగర్ రానివాటిని, మధ్యలో చనిపోయేవాటిని కలిపి అడగండి, బరువు ఎంత శాతం తగ్గితే ప్రయోగం నుంచి తీసేస్తారో ముందే రాయండి, కమిటీలో మొదట అడిగేది ఆ రెండే.